లేని బొత్తాము

శుక్రవారం సాయంత్రం ఆరైతే
చిత్తూరు బెల్లం మండీ మిద్దె మీద మా బల్ల పడేది.
కింద గోతాల్లో ముద్దబెల్లం, పైన మేం ఐదుగురం,
ఈగలు మాత్రం రెండంతస్తులకీ ఉమ్మడి.
చింతగింజ పది రూపాయలు, కానగ గింజ యాభై.
బెంగుళూరు మిల్లులో పనొదిలేసి వచ్చిన లోకనాథం
మాకు పోకరు నేర్పి పదహారేళ్ళు.

పదహారేళ్ళలో నేను నేర్చింది ముక్కల్ని కాదు.
చెంగల్రాయ మొదలికి ఆసుల జత పడితే
చెవి తమ్మె ఎర్రబడతాది.
రహంతుల్లా దొంగపందెం కాసేముందు
మనవరాలి చదువు సంగతి ఎత్తుతాడు.
లోకనాథం ఊరికే టీ అడిగినాడంటే
చేతిలో ఏదో పెద్దదుంది, ముక్కలు మూసెయ్యాల.
దామోదరం?
దామోదరానికి దాచడమే రాదు.
ఓడి, నవ్వి, అందరికీ మసాలా బొరుగులు తెప్పించేవాడు.
మా ఆటంతా వాడి మీదే నిలబడి ఉన్నింది,
అది మాకు అప్పుడు తెలీదు.

మునిశేఖరు ఎండాకాలంలో వచ్చినాడు.
మొదలికి అక్క మనవడో ఎవరో, ఇరవై మూడేళ్ళు.
మురకంబట్టు గదిలో రాత్రులంతా
ఫోన్లో ఆడి నేర్చినాడంట,
ఒకేసారి నాలుగు బల్లలు.
మేం పదహారేళ్ళలో చూసిన ముక్కలు
వాడు ఒక్క వానాకాలంలో చూసేసినాడంట.

కూర్చున్నాడు. ఎవురి మొగమూ చూళ్ళేదు.
మూసేసినాడు. మళ్ళీ మూసేసినాడు.
గంటన్నర ఒక్క గింజ కదపలేదు.
"ఏమబ్బయ్యా, ఉపాసమా?" అన్నాడు దామోదరం.
అప్పుడు తోసినాడు కానగ గింజల కుప్ప,
తక్కెట్లో తూచినట్టు, ఎక్కువా కాదు తక్కువా కాదు.
రహంతుల్లా మనవరాలి ఫీజు దాకా వచ్చినాడు.
వాడు వినలేదు.
వినడం వాని లెక్కలో లేదు.

తర్వాత వాని సావాసగాళ్ళు ఇంకో ఇద్దరు.
మర్యాదస్తులే. బీడీ తాగరు, అరవరు,
గెలిస్తే సారీ అంకుల్ అంటారు.
ఆట ముదిరిపోయింది,
పొయ్యి మీంచి దించడం మరిచిన పాకంలాగా.
ఇస్పేటు రాణి తిరగబడితే
'అమ్మ దొంగా' అనేవాడు లేడు.
దామోదరం మూడు వారాలు ఓడినాడు,
నాలుగోవారం నవ్వలేదు,
ఐదోవారం మోకాలినొప్పి అన్నాడు.
మెట్లు ఇరవై రెండే.

నేనూ ఒక రాత్రి ఫోన్లో ఎక్కించుకున్నా,
డబ్బుల్లేని ఆట, ఉత్త బిళ్ళలు.
ఎదుట ఎనిమిది గుండ్రాలు, ఒక్కోదాంట్లో ఒక్కో అక్షరం.
'కె' అనేవాడు పెద్ద పందెం కాసినాడు.
ఏం చూడాల నేను?
'కె'కి చెవి తమ్మె ఎక్కడుంది?
వాడు టీ అడగడు, వానికి మనవరాలు లేదు.
మూడుగంటలకి గిరింపేట కుక్కలు మొరుగుతా ఉంటే
మండే కళ్ళతో అనుకున్నా:
ఈ పిల్లోళ్ళకి మా మీద చులకన కాదు,
ఆటలో మొగమనేది ఒకటుంటాదని
వీళ్ళకి ఎవరూ చెప్పలేదు.

పోయిన శుక్రవారం కనబడింది.
మునిశేఖరు కుడిచేతి బొటనవేలు, బల్ల అంచు మీద.
మంచి ముక్కలుంటే ఊరికే పడుంటాది
ఎండలో తొండ మాదిరి.
లేనప్పుడు మాత్రం, గింజలు తోసేముందు,
అక్కడ లేని బొత్తాన్ని ఒకసారి నొక్కుతాది.

రెండుసార్లు ఊరుకున్నా.
మూడోసారి నా చేతిలో ఎనిమిదుల జత, చచ్చు జత.
వాడు ఉన్నదంతా తోసినాడు.
వేలు నొక్కింది.
"చూపించు" అన్నా.

కళావరు ఏడు, డైమను మూడు. ఏమీ లేదు.

గెలిచిన గింజల్తో బొరుగులు తెప్పిద్దామని
పక్కకి తిరిగితే దామోదరం కుర్చీ.
అప్పుడు, మొట్టమొదటిసారి,
మునిశేఖరు తలెత్తి నా మొగం చూసినాడు,
కళ్ళద్దాలు, నెరిసిన మీసం, అన్నీ నిదానంగా.
"ఎట్లా కనుక్కున్నారు?"

చెప్తే ఆట పోతాది.
చెప్పకుండా టీ తెమ్మన్నా ఇద్దరికీ.
మీసం కింద ఏదో కదిలినట్టుంది నాకు,
వాడింకా అక్కడే చూస్తా ఉన్నాడు.